ఊరి కథలు వినాలంటే ఒక్క గొంతా, పది గొంతులా?

పంతంగి టోల్‌గేటు దాటి పది నిమిషాలు కూడా కాలేదు. ముందు సీట్లోంచి అత్తయ్య చెయ్యెత్తి, "ఆపమ్మాయ్. ఆ అబ్బాయి కథ చెప్పట్లేదు, వార్తలు చదువుతున్నాడు" అన్నారు. స్టీరింగ్ దగ్గర మావారు ఒప్పుకోలేదు. "అదేంటమ్మా, హాయిగా ఉంటేనూ! అరవట్లేదు, ఏడవట్లేదు. బండి నడిపేవాడికి ఇదే సుఖం" అన్నారు. వెనక మా వాడు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "1.5 స్పీడ్‌లో పెట్టమ్మా, సరిపోద్ది" అని మళ్ళీ పెట్టేసుకున్నాడు.

ఒకటే రికార్డింగు, ముగ్గురి చెవులు, మూడు తీర్పులు. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా తెనాలి వెళ్ళే దారిలో మాకిది కొత్త కాదు. రెండేళ్ళుగా ఆ దారంతా కథలు వింటూనే వెళ్తున్నాం. ఇంట్లో ఎవరు దేనికి పెదవి విరుస్తారో, ఎవరు దేనికి "ఇంకొకటి పెట్టు" అంటారో ఇప్పుడు నాకు బాగా తెలుసు. ఆడియో పుస్తకం కొనే ముందు ఏది ఎంచుకోవాలని చాలామంది అడుగుతుంటారు కాబట్టి, నాకు తెలిసింది ఇక్కడ పెడుతున్నాను. అయితే అన్ని రకాల పుస్తకాల గురించీ కాదు. ఒకే ఊరు, ఒకే ఇల్లు, ఒకే మనిషి చుట్టూ తిరిగే కథల సంపుటాల గురించి మాత్రమే. వీటిని కొందరు గొలుసు కథలంటారు కానీ, మనకి గొలుసు నవల అంటే పదిమంది రచయితలు తలా ఒక భాగం రాసేది. అందుకని నేను ఊరి కథలు అనే అంటాను.

వీటికి గొంతు ఎంచుకోవడం నవలకి ఎంచుకున్నట్టు కాదు. నవలలో గొంతు మొదటి అరగంట నచ్చకపోయినా, తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం మనల్ని లాక్కుపోతుంది. విడి కథల సంపుటంలో ఒక కథ నచ్చకపోతే ఇంకోదానికి దూకుతాం. ఊరి కథల్లో ఆ రెండు ఆసరాలూ లేవు. ప్రతి కథా అక్కడికక్కడ అయిపోతుంది, కానీ ఏదో ఒకటి మిగిలి పక్క కథలోకి వెళ్తుంది. ఆ మిగిలేదాన్ని పుస్తకంలో కన్ను పట్టుకుంటుంది. వినేటప్పుడు దాన్ని పట్టుకోవాల్సింది గొంతే. అది జారవిడిచిందంటే మన చేతిలో పూలుంటాయి గానీ దండ ఉండదు.

అందుకే నేను ముందు యాప్ చూడను, రేటు చూడను. ఈ కథల్ని కట్టిన దారం ఏమిటో చూస్తాను.

దారం ఊరైతే

శంకరమంచి సత్యం గారి 'అమరావతి కథలు' తీసుకోండి. 100 కథలు, బాపు బొమ్మలతో. శ్యాం బెనెగళ్ దూరదర్శన్ కోసం హిందీలో సీరియల్‌గా కూడా తీశారు. ఇందులో కథ కథకీ మనుషులు మారిపోతారు. మారనివి కృష్ణ, అమరేశ్వరుడి గుడి, ఆ రేవు, ఆ ఇసక. మొదటి కథ 'వరద' విని, మధ్యలో వారం వదిలేసి, నలభయ్యో కథ పెట్టుకున్నా ఏమీ పోదు. నది అక్కడే ఉంటుంది.

ఇలాంటి పుస్తకానికి ఒక్క గొంతు చాలు. నిజానికి ఒక్క గొంతే ఉండాలి. మా అత్తయ్య మాటల్లో చెప్పాలంటే, "బుర్రకథకి వంతలు కావాలి గానీ పురాణానికి ఎందుకమ్మా?" చెప్పే మనిషి ఊరికి కాస్త పైన కూర్చుని చూస్తున్నట్టుండాలి. ప్రతి పాత్రకీ ఒక నటుణ్ణి తెచ్చి పెడితే మనుషులు పెద్దవాళ్ళయిపోతారు, ఊరు వెనక తెరలా మిగిలిపోతుంది.

కాకపోతే ఇందులో ఒక గండం ఉంది. కథలు పొట్టివి. నేను పైకి చదువుతూ గడియారం పెట్టుకుని చూస్తే చాలా కథలు 10 నిమిషాల లోపే అయిపోయాయి. అంటే గంటలో ఆరేడు ముగింపులు. చదివేవాళ్ళు ప్రతి ముగింపునీ ఒకేలా గొంతు దించి, ఒకేలా నిట్టూర్చి వదిలారంటే మూడో కథకే మనకి ఆ నిట్టూర్పు ఎప్పుడొస్తుందో తెలిసిపోతుంది. అది కథ తప్పు కాదు. పత్రికలో వారానికి ఒకటి చొప్పున వచ్చిన కథల్ని వారానికి ఒకటి చొప్పున చదివారు అప్పటివాళ్ళు. మనం సూర్యాపేటలో టీ తాగేలోపు ఏడు మింగుతున్నాం. ఒక కూర్చోటుకి మూడు చాలని మా ఇంట్లో ఇప్పుడు రూలు. మూడయ్యాక పాటలు.

సత్యం గారు ఆకాశవాణిలో పనిచేసిన మనిషి. ఆ వాక్యాల్లో చెవికోసం రాసినట్టుండే విరుపు ఉంటుంది. పైకి చదివితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాక్యమే చెప్తుంది. దాన్ని నమ్మి చదివేవాళ్ళు దొరికితే చాలు, సంగీతం అక్కర్లేదు.

దారం కబుర్లు చెప్పే మనిషైతే

వంశీ గారి 'మా పసలపూడి కథలు' కూడా ఊరి కథలే. కానీ అక్కడ దారం ఊరొక్కటే కాదు, ఊరి గురించి చెప్పుకోవడంలో ఉన్న సరదా. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు, ఎవరి వీధి ఎవరి చేను పక్కనుంది, ఎవరింట్లో పులస ఎలా వండుతారు... ఒకటా రెండా. పుస్తకంలో కంటికి కష్టమైతే వెనక్కి తిప్పి చూసుకుంటాం. వినేటప్పుడు ఆ పేర్లన్నీ చెవిలో పడి కలిసిపోతాయి.

ఇలాంటి చోట చదువరి హాయిగా, తీరిగ్గా, నోరూరుతూ చదవాలి. వార్తల గొంతు ఇక్కడ పనికిరాదు. వంటకాల వరసని కిరాణా చీటీ చదివినట్టు చదివితే కథే పోతుంది. పేర్లు వచ్చినప్పుడు అర క్షణం ఆగితే ఆ మనిషి మన చెవిలో కూర్చుంటాడు. గొంతులు మార్చినా ఫర్వాలేదు, ఇక్కడ కొంచెం మిమిక్రీ చెల్లుతుంది.

కానీ యాస విషయంలో జాగ్రత్త. గోదావరి యాస అనగానే ప్రతి మాట చివరా "ఆయ్" అని, "అండీ"ని రబ్బరులా సాగదీసే అలవాటు మనకి సినిమాల నుంచి వచ్చింది. మా పక్క ఫ్లాటు ఆవిడది రామచంద్రపురం దగ్గర పల్లె. నేను ఎక్కడో దొరికిన ఒక గోదావరి కథ వినిపిస్తే రెండు నిమిషాలు విని, "మా ఊళ్ళో ఇలా మాట్లాడితే జబ్బు చేసిందనుకుంటారండీ" అన్నారు. ఆవిడ "అండీ"లో సాగదీత లేదు. చివర కాస్త పైకి లేచి తెగిపోయింది, అంతే. ఆ తేడా తెలిసినవాళ్ళు చదివితేనే కొనండి. తెలియనివాళ్ళు మామూలు తెలుగులో చదివినా నయం. దొంగ యాస కన్నా యాస లేకపోవడం మేలు.

దారం పిల్లల నోరైతే

నాకు ఎక్కువ చెప్పాలనుంది ఈ రకం గురించే. మాది నెల్లూరు. మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' పేరు వింటేనే నాకు ఒక వీధి కనిపిస్తుంది. సోమరాజు సుశీల గారి 'ఇల్లేరమ్మ కతలు' ఇంకో ఇల్లు, ఇంకో కాలం, ఇంకో అల్లరి. రెండింట్లోనూ దారం ఒక చిన్నపిల్ల, ఒక చిన్నపిల్లవాడు. వాళ్ళు చూసిందే మనకి కనిపిస్తుంది, వాళ్ళకి అర్థం కానిదే మనల్ని నవ్విస్తుంది, ఒక్కోసారి ఏడిపిస్తుంది.

పై రెండు పుస్తకాల పేర్లకీ, ఈ రెండు పేర్లకీ ఒక చిన్న తేడా ఉంది, గమనించారా? అమరావతి, పసలపూడి 'కథలు'. దర్గామిట్ట, ఇల్లేరమ్మ 'కతలు'. ఒత్తు ఉందా లేదా అన్నది చూస్తే ఆ పుస్తకానికి ఎలాంటి నోరు కావాలో అట్టమీదే తెలుస్తుంది. టైటిల్ చెప్పేటప్పుడే ఎవరైనా 'కతలు' అన్నదాన్ని దిద్ది 'కథలు' అని ఒత్తి పలికారనుకోండి, ఇక లోపల పిల్లవాడు మాట్లాడడు, వాడి టీచరు మాట్లాడుతుంది.

ఈ రకంలో గొంతు విషయంలో జరిగే తప్పులు రెండు. ఒకటి, పెద్దవాళ్ళు పిల్లల గొంతు పెట్టడం. ముక్కులోంచి, సన్నగా, కీచుమని. పది నిమిషాలు ముద్దుగా ఉంటుంది, గంటకి తలనొప్పి. ఈ కతలు చెప్తున్నది నిజంగా పిల్లవాడు కాదు. పెద్దయ్యాక తన చిన్నతనాన్ని తలుచుకుంటున్న మనిషి. గొంతు పెద్దవాడిదే ఉండాలి, అమాయకత్వం మాటల్లో ఉంది, అది చాలు. రెండోది, యాస తీసేసి చదవడం. గోదావరి కథకి మామూలు తెలుగైనా ఫర్వాలేదన్నానే, ఇక్కడ అలా అనను. అక్కడ యాస పాత్రల నోట్లో ఉంటుంది, ఇక్కడ కథ చెప్పే నోట్లోనే ఉంటుంది. దాన్ని తీసేస్తే దారమే తెగుతుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి కతల్ని చిత్తూరు వైపు పలుకు లేకుండా ఊహించుకోండి, తెలిసిపోతుంది.

"మాకు ఆ యాస అర్థం కాదు కదా" అంటారా? మా ఆఫీసులో కరీంనగర్ అమ్మాయికి ఇదే అనుమానం వచ్చింది. నెల్లూరు మాటలు పట్టుకోగలనా అని భయపడింది. మొదటి రెండు కతలు తడబడింది, మూడోదానికి నా దగ్గరకొచ్చి, "మా అమ్మమ్మ గూడ గిట్లనే తిడ్తది, మాటలు వేరు గంతే" అంది. చదివేటప్పుడు కొత్త యాస అడ్డుపడుతుంది, అక్షరాలు పోల్చుకోవాలి కాబట్టి. వినేటప్పుడు తిట్టు తిట్టులాగా, బతిమాలుడు బతిమాలుడులాగా వినిపించేస్తుంది. పరాయి యాస పుస్తకాలకి ఆడియోనే దగ్గరి దారి అని నేను గట్టిగా చెప్పగలిగేది ఇందుకే.

ఇక గొంతుల సంగతి

ఒక్కరే చదివేవి, నలుగురైదుగురు కలిసి నాటకంలా చేసేవి, రచయితే చదివేవి, మెషిన్ చదివేవి. మార్కెట్లో దొరికేవి ఈ నాలుగే.

నాటకం పద్ధతిని పూర్తిగా కొట్టిపారెయ్యను. విజయవాడ ఆకాశవాణి నాటకాలతో పెరిగిన తరం ఇంకా ఉంది. చిలకమర్తి వారి 'గణపతి'ని నండూరి సుబ్బారావు గారి గొంతులో విన్నవాళ్ళకి ఇప్పటికీ ఆ గణపతే గణపతి. మా అత్తయ్య ఆ బాపతే. అయితే రేడియో నాటకాన్ని చెవికోసమే తిరగరాసేవారు. వర్ణన తీసేసి మాటల్లోకి మార్చి, తలుపు చప్పుడుతో గది మార్చేవారు. ఇప్పుడు ఆడియో పుస్తకాల్లో చాలాచోట్ల కథని ఉన్నదున్నట్టు ఉంచి, మాటలు వచ్చిన చోట మాత్రం వేరే గొంతు పెడుతున్నారు. దాంతో ఏమవుతుందంటే, "అంది సుబ్బమ్మ కోపంగా" అని ఒక మగగొంతు చెప్తుంది, ఆ ముందే సుబ్బమ్మ కోపంగా అని ఊరుకుంటుంది. చెప్పిందే చెప్పినట్టు. అటు నాటకమూ కాదు, ఇటు చదువూ కాదు.

పైగా ఊరి కథల్లో నాటకానికి ఇంకో చిక్కుంది. మూడో కథలో ఒక మూల కనిపించిన ముసలావిడ తొమ్మిదో కథలో తిరిగొస్తుంది. పుస్తకంలో పేరు చూడగానే, "ఓహో, ఆవిడా!" అనుకుంటాం. మేము విన్న ఒకదాంట్లో మూడో కథలో ఆవిడది బొంగురు గొంతు. తొమ్మిదో కథకి వచ్చేసరికి సన్నబడిపోయింది. వేరే నటి వేసిందో, అదే మనిషి మర్చిపోయిందో తెలీదు. అత్తయ్య రెండుసార్లు, "ఈవిడ ఆవిడేనా?" అని అడిగారు. మావారు కాదన్నారు. నేను పుస్తకం తీసి చూస్తే ఆవిడే. ఆ కథ మొత్తం ఆవిడ పాత సంగతి మీదే నిలబడింది. అది తెలియకపోతే చివరి మాట గాల్లో తేలిపోతుంది. ఒక్కరే చదివితే ఇలాంటి పొరపాటు పూర్తిగా పోతుందని కాదు గానీ, చాలా తగ్గుతుంది. ఎందుకంటే ఒక్కరు చదివేటప్పుడు పాత్రని గొంతుతో కాదు, తీరుతో గుర్తుపట్టిస్తారు.

వెనక సంగీతం గురించి ఒక్క మాట. ప్రతి కథ చివరా వీణ మీటకండి, బాబూ. ముగింపు తర్వాత కావలసింది నాలుగు సెకన్ల నిశ్శబ్దం. అది ఉచితంగా దొరుకుతుంది కూడా.

రచయితే చదివితే? నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. రచయితలందరికీ మంచి గొంతు ఉండదు. కొందరు గబగబా చదివేస్తారు, కొందరు తమ వాక్యానికి తామే మురిసిపోతారు. అయినా ఊరి కథల విషయంలో రచయిత గొంతు దొరికితే నేను మరో ఆలోచన లేకుండా అదే తీసుకుంటాను. ఆ ఊరి పేరుని ఆ ఊరివాళ్ళు ఎలా పలుకుతారో ఆయనకి తెలుసు. ఏ మనిషి మళ్ళీ వస్తాడో తెలుసు కాబట్టి మొదటిసారి పేరు చెప్పేటప్పుడే కాస్త ఒత్తి పెడతాడు. ఆ పని ఇంకెవరూ చెయ్యలేరు.

మెషిన్ గొంతు ఇప్పుడు బాగా మెరుగైంది, వార్తలకీ వ్యాసాలకీ నేనూ వాడతాను. కంటిచూపు లేనివాళ్ళకి రికార్డు కాని పుస్తకం అందాలంటే అదే దారి, దాన్ని వెక్కిరించే పని నాకు లేదు. కానీ కథ దగ్గర తెలుగు దాన్ని పట్టిస్తుంది. మనం 'చేప'లో చ ఒకలా, 'చాప'లో చ ఇంకోలా పలుకుతాం. 'జీతం'లో జ వేరు, 'జడ'లో జ వేరు. పాత పుస్తకాల్లో దీనికి వేరే గుర్తు పెట్టేవారు, ఇప్పుడు రెంటికీ ఒకటే అక్షరం. మన నాలుకకి తెలుసు, మెషిన్‌కి అక్షరమే తెలుసు. నేను పెట్టి చూసిన ఒక మెషిన్ గొంతు 'చలి'నీ 'చుట్ట'నీ 'చాప'నీ అన్నిటినీ 'చేప' చ తోనే చదివింది. అర్థం తెలుస్తుంది. కానీ చలికి చుట్ట కాల్చుకుంటూ చాప మీద కూర్చున్న తాత మాత్రం ఎక్కడా కనపడడు.

ఈ గొడవ మెషిన్‌దే అనుకునేరు. మనుషులూ తక్కువేం తినలేదు. చిల్లకల్లు దగ్గరికి వచ్చేసరికి, ఆ 'వార్తలు చదివే' అబ్బాయి ఒక విషాద సన్నివేశంలో, "ఆమె కల్లు ఎర్రబడ్డాయి" అన్నాడు. కారులో ఒక్క క్షణం నిశ్శబ్దం. "ముంతలోనా?" అన్నారు అత్తయ్య. ఆ తర్వాత ఆ కథలో ఎవరు ఏడ్చినా మేం నవ్వుతూనే ఉన్నాం. ళ పలకనివాళ్ళు ఊరి కథలు చదవకూడదు. పెళ్ళి 'పెల్లి' అయితే సర్దుకుంటాం, కళ్ళు 'కల్లు' అయితే కథ మారిపోతుంది.

కొనేముందు ఐదు నిమిషాలు

శాంపిల్ ఇస్తారు కదా, దాన్ని మొదటి నుంచి వినకండి. మొదటి రెండు నిమిషాలు ఎవరైనా శ్రద్ధగా చదువుతారు. వీలైతే మధ్యలోకి వెళ్ళి ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకునే చోటు వెతకండి. మన కథల్లో "అంది", "అన్నాడు" ప్రతిసారీ రాయరు. పుస్తకంలో కోట్స్ కనిపిస్తాయి, చెవికి కనిపించవు. ఎవరు మాట్లాడుతున్నారో వెనక్కి తిప్పకుండా తెలిస్తే, ఆ చదువరికి మొదటి మార్కు. ఒక కథ చివరి నిమిషం, తర్వాత కథ మొదటి నిమిషం కలిపి వినండి. రెంటి మధ్యా ఊపిరి ఉందో లేదో తెలుస్తుంది. ళ, ణ ఉన్న మాటలు చెవిలో పడేదాకా ఆగండి.

ఇవన్నీ బాగున్నా ఒక్కోసారి యాప్ చెడగొడుతుంది. కథల పేర్లు ఇవ్వకుండా 'చాప్టర్ 1, చాప్టర్ 2' అని 60 దాకా వేసుకుంటూ పోయిన ఒకదాన్ని నేను డబ్బిచ్చి కొన్నాను. నచ్చిన కథ అత్తయ్యకి మళ్ళీ వినిపిద్దామంటే అది 23లో ఉందో 32లో ఉందో తెలీక, కాగితం మీద పేర్లు రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. నవలైతే ఇది పెద్ద విషయం కాదు. ఊరి కథలకి పేర్లతో జాబితా ఉండి తీరాలి. అలాగే అన్ని కథలూ ఉన్నాయా, కొన్నే ఏరారా అన్నది అచ్చు పుస్తకం విషయసూచికతో పోల్చి చూడండి. కొన్నే ఏరినవాటిలో, లేని కథలో జరిగిన సంగతి ఉన్న కథలో తగులుతుంది. అమరావతి లాంటివాటికి ఫర్వాలేదు, పిల్లల కతలకి మాత్రం అది పంటికింద రాయి.

ఇక వినేవాళ్ళు పెట్టే రేటింగులు. నక్షత్రాలు వదిలెయ్యండి, ఫిర్యాదులు చదవండి. "గొంతు బాగుంది" అన్నదాంట్లో ఏ సమాచారమూ లేదు. "చాలా నెమ్మదిగా ఉంది" అని ఎవరైనా గొణిగితే నేను దాన్ని గుర్తు పెట్టుకుంటాను, మా అత్తయ్యకి పనికొస్తుందేమోనని. "యాస అర్థం కాలేదు" అన్నది పదింట తొమ్మిదిసార్లు పొగడ్త కిందే లెక్క. "ఒక్కో కథ ఒక్కోలా వినిపిస్తోంది", "ఎవరు ఎవరో తెలియట్లేదు" అని ఇద్దరు ముగ్గురు రాశారంటే మాత్రం ఆగిపోండి. బొంగురు గొంతు ముసలావిడ సన్నబడ్డ బాపతు అదే.

ఎవరికి ఏది

బండి నడిపేవాళ్ళకి మావారి మాటే రైటు. ఒక్క గొంతు, ఎత్తుపల్లాలు తక్కువ, ఊరు దారంగా ఉన్న పుస్తకం. టోల్ దగ్గర రెండు వాక్యాలు పోయినా ఏమీ కాదు. నటన ఎక్కువైతే ఒకచోట గుసగుస వినపడక వాల్యూం పెంచుతాం, వెంటనే ఎవడో కేక వేస్తాడు. లారీ పక్కన ఉన్నప్పుడు ఆ కేక మంచిది కాదు.

వంటింట్లో పనిచేస్తూ వినేవాళ్ళకి కబుర్ల పుస్తకం. కుక్కర్ కూతలో ఒక ఇంటిపేరు కొట్టుకుపోయినా, ఆయన మళ్ళీ చెప్తాడు. రాత్రి పడుకునేముందు అయితే అమరావతి ఒకటి, ఆ కథ అయిపోగానే ఆగేలా టైమర్ పెట్టుకుని. టైమర్ పెట్టకపోతే మీరు నిద్రపోయాక పది కథలు గోడకి చెప్పి, పొద్దున్న ఎక్కడ ఆగామో తెలీకుండా చేస్తుంది.

ఒంటరిగా వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళకి పిల్లల కతలు. పార్కులో ఉన్నట్టుండి నవ్వితే నలుగురు చూస్తారు, అదొక్కటే ఇబ్బంది.

చదవడం రాని, వింటే అర్థమయ్యే పిల్లలున్న ఇళ్ళ సంగతి వేరు. మా మరిది వాళ్ళు డాలస్‌లో ఉంటారు. వాళ్ళ అమ్మాయికి 11 ఏళ్ళు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ మాట బాగా వస్తుంది. దానికి నేను ఎంతో ఆలోచించి, మంచి నాటకంలా చేసిన ఒకటి పంపాను. సంగీతం, గొంతులు, పక్షుల కూతలు అన్నీ ఉన్నవి. పావుగంట విని వదిలేసింది. "పెద్దమ్మా, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు" అంది. తర్వాత ఒక్క గొంతుది పంపాను. అది కొంచెం విన్నది, కానీ మధ్యలో తెలియని మాటలొస్తే అడగడానికి ఎవరూ లేరు.

చివరికి పని చేసింది ఏ యాప్‌లోనూ లేనిది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అత్తయ్య ఫోన్ ముందు కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, ఇల్లేరమ్మది ఒక కత చదివి దానికి పంపించారు. చదువుతూ మధ్యలో ఆగి, "ఇదిగో, ఇది అబద్ధం చెప్తోందే, చూస్తూ ఉండు దొరికిపోతుంది" అంటారు. "కుంపటంటే నీకు తెలీదుగా, బొగ్గుల పొయ్యి" అంటారు. ఒకచోట బయట కూరగాయల బండి అరుపు, "రెండు కట్టలు తోటకూర ఇమ్మను" అని కేక, మళ్ళీ కథ. 14 నిమిషాల కత 31 నిమిషాలైంది. మా మరిది ఆ మధ్యలో మాటలన్నీ కత్తిరించి శుభ్రంగా ఇద్దామనుకున్నాడట, వాళ్ళమ్మాయి ఒప్పుకోలేదు. తోటకూర కూడా ఉండాలంది.

ఇప్పుడు వారానికొకటి వెళ్తోంది. మా వాడు కూడా వింటున్నాడు, ఒప్పుకోడు గానీ. స్పీడ్ పెంచుకునే వీలుందా అని అడిగాడు ఒకసారి. వాట్సాప్‌లో ఉందని చెప్పాను. నాన్నమ్మకి చెప్పకు అన్నాడు.